సాబేరా గదిలో సప్పుడు

గల్ఫ్‌కు మగవాళ్లను పంపిన ఇండ్లన్నిటికీ ఎల్లారెడ్డిలో సాబేరా గది తెలుసు. బస్టాండు వెనక సందులో వజీర్ సైకిల్ దుకాణం పక్కనుంచి లోపలికి పోతే ముందు రెండు పెంకుటి గదులు, వాటి వెనక ఒక్కటే స్లాబు గది. ఆ గది గోడలకు నాలుగు వైపులా పాత బొంతలు వేలాడుతుండేవి. తలుపు మూస్తే బయట లారీ హారన్ కొట్టినా లోపలికి ఎవరో దగ్గినంతే వినిపించేది. మధ్యలో ఒక స్టూలు, స్టూలు మీద మైకు, దాని ముందు పీట. ఆడవాళ్లు ఆ పీట మీద కూర్చుని దుబాయ్‌లో, మస్కట్‌లో, జెద్దాలో ఉన్న మొగుళ్లతో మాట్లాడేవాళ్లు. ఆ మాటలు నిండిన కాసెట్ ప్రయాణమయ్యేవాడి సంచిలో పడి సముద్రం దాటేది. జవాబు కాసెట్ సెలవు మీద వచ్చేవాడి సంచిలో తిరిగొచ్చేది.

ఉత్తరమైతే ఇక్కడ రాసేవాడొకడు కావాలి, అక్కడ చదివి వినిపించేవాడొకడు కావాలి. రెండు జతల చెవుల గుండా పోయే మాటల్లో మొగుడికి చెప్పుకునేదేం మిగులుతుంది? ఎస్టీడీ బూత్‌లో మీటరు ఉరుకుతుంటుంది, వెనక నిలబడ్డవాళ్లు గాజు తలుపుకు చెవులానిస్తారు. సాబేరా దగ్గర ఆ బాధ లేదు. మీట నొక్కి తాను బయటికి వచ్చేసేది. వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకునేది. లోపల ఏడ్చినా, తిట్టినా, ముద్దు మాటలాడినా ఆమెకు పట్టదు. ఆడది మాట్లాడుతుండగా మగవాడు గానీ, ఇంకో ఆడది గానీ, ఆఖరికి తాను గానీ ఆ గుమ్మం తొక్కకూడదు. అది ఆమె కానూను. దాన్ని దాటబోయిన ఒకరిద్దరు మరుదులకు, ఒక అత్తగారికి సాబేరా నోరు ఎలాంటిదో ఆ సందు సాక్షిగా తెలిసొచ్చింది.

ఇది వ్యాపారమని ఆమె మొదలుపెట్టలేదు. ఆమె మొగుడు వజీర్ జెద్దాలో ఉన్న కాలంలో ఒక టేప్ రికార్డర్ పంపాడు. మనిషి ఇంట్లో ఉంటే పూటకు పది మాటలు మాట్లాడేవాడు కాదు. కాసెట్‌లో మాత్రం రెండు వైపులూ నింపేవాడు. అక్కడి ఎండ గురించి, ఒంటె మాంసం గురించి, కలలో కనిపించిన తన సైకిల్ గురించి చెప్పేవాడు. ఆ మాటలు విని సందులోని ఆడవాళ్లు తమకూ అలాంటి కాసెట్ ఒకటి చేసిపెట్టమన్నారు. అలా పడింది గది. తర్వాత కువైట్ లడాయి కాలంలో భయపడి వజీర్ తిరిగొచ్చేశాడు, సైకిల్ దుకాణం పెట్టుకున్నాడు, మళ్లీ మూగనోము పట్టాడు. కాసెట్‌లో ఉన్న మొగుడే నయమని సాబేరా అందరి ముందే అనేది. వజీర్ పంక్చర్ వేసుకుంటూ వినేవాడు.

ఆ గదిలో ఇంకో పద్ధతి ఉంది. మీట నొక్కేముందు పైన తిరిగే ఫ్యాను ఆపాలి. రెక్కల చప్పుడు టేపులో పడితే మాట మసకబారుతుందని వజీర్ ఒకసారి జెద్దా నుంచి చెప్పాడు. అప్పటి నుంచీ నడి ఎండాకాలంలో కూడా, తలుపు మూసి, ఫ్యాను ఆపి, బొంతల మధ్య చెమటలు కక్కుతూ మాట్లాడారు ఎల్లారెడ్డి ఆడవాళ్లు. బయటికి వచ్చేసరికి రవికెలు ఒంటికి అతుక్కుపోయి ఉండేవి. అక్కడ మొగుడు మాత్రం చల్లటి గొంతు వినాలి.

తొంభై ఏడు ఎండాకాలంలో వజీర్ తమ్ముడు సలీమ్ దుబాయ్ నుంచి దిగాడు, వెంట ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. దుమ్ము పడనిది స్లాబు గదేనని దాన్ని అక్కడే పెట్టాడు. ఇక మాటలన్నీ కంప్యూటర్లోకే పోతాయని, దగ్గులు, తుమ్ములు కోసేయొచ్చని, ముందు ఒక పాట తగిలించి కాసెట్‌లోకి దించొచ్చని వదినకు ఊపిరాడకుండా చెప్పాడు. వదిన ఎవరిదో పెండ్లికి పోయి వచ్చేలోపల ముసలి టేప్ రికార్డర్ను స్పీకర్లకు మార్పిడిగా ఇచ్చేశాడు. కాసెట్లు నింపడానికి ఒక డెక్కు తెచ్చాడు గానీ దానికి మైకు పెట్టే బొక్కే లేదు. కంప్యూటర్లోంచి వచ్చేదే అందులో నిండాలి.

సాబేరా చేత ఆ రోజు తిన్నన్ని తిట్లు సలీమ్ దుబాయ్‌లో అరబ్బు దగ్గర కూడా తిని ఉండడు. కానీ పోయిన పెట్టె తిరిగి రాలేదు. ఇక సలీమ్‌ను ఆడవాళ్ల గదిలో కూర్చోనివ్వడం ఇష్టం లేక, మౌసు పట్టడం తానే నేర్చుకుంది.

ఆ కంప్యూటర్ వెనక అరచేతిలో పట్టేంత ఫ్యాను ఒకటి, లోపల చిప్పు మీద అంతకన్నా చిన్నది ఇంకొకటి. రెండూ కలిసి మొదలుపెడితే చెవిలో జోరీగ దూరినట్టే. సాబేరా మొదటి రోజే చెప్పింది. కంప్యూటరంటే అంతేనని, కొన్నాళ్లకు చెవికి అలవాటవుతుందని సలీమ్ కొట్టేశాడు. చెవికి నిజంగానే అలవాటయింది. మైకుకు కాలేదు.

జవాబులు రావడం మొదలైంది. బియ్యం మిల్లులో కాపురం పెట్టినావే అని ఒకడు అడిగాడు. నీ వెనక విమానం ఎక్కడికి పోతున్నదని ఇంకొకడు. ఆడవాళ్లు నవ్వుకుంటూ వచ్చి చెప్పేవాళ్లు, సాబేరా పళ్లు నూరుకునేది. భూదేవికి వచ్చిన జవాబు మాత్రం నవ్వులాట కాదు.

భూదేవిది నస్రుల్లాబాద్ పక్క ఊరు. రెండు బస్సులు మారి ఈ గదికే వచ్చేది, ఇక్కడైతే మాట బయటికి పోదని. మొగుడు బాలయ్యది మస్కట్‌లో మేస్త్రీ పని. ఎనిమిదేండ్ల నుంచి ఆమె కాసెట్లు ఈ బొంతల మధ్యే నిండాయి. ఆ రోజు మధ్యాహ్నం వచ్చి పీట మీద కూర్చోకుండా వసారాలో నేల మీదే కూలబడింది. కొంగులో ముడేసిన కాసెట్ తీసి సాబేరా ఒళ్లో పడేసింది.

విని పగలగొట్టేద్దామనుకున్నానని, మళ్లీ సాబేరాకు కూడా వినిపించాలని తెచ్చానని చెప్పింది. సాబేరా సందులో ఒక ఇంటినుంచి పాటలు వినడానికే పనికొచ్చే టేపొకటి అడిగి తెచ్చి అక్కడే వసారాలో పెట్టింది. బాలయ్య గొంతు బొంగురుగా ఉంది.

"నీ మాట కింద కూలర్ సప్పుడు వినవడుతున్నది. మనింట్ల కూలరెక్కడిది? నేనిక్కడ ఎండల మాడుతుంటే నువ్వు కూలర్ గాలికి కూసున్నవా? కొన్నవా, లేకుంటే కూలరున్నోని ఇంట్ల కూసోని మాట్లాడుతున్నవా? ఏదో ఒకటి చెప్పు."

అక్కడితో ఊరుకుంటే మొగుడు పెళ్లాల గొడవ. బాలయ్య తన అన్న కిష్టయ్యకు ఫోన్ చేశాడు. కిష్టయ్య నలుగురిని వెంటేసుకుని వచ్చి వాడకట్టంతా చూస్తుండగా భూదేవి ఇంట్లో కూలర్ వెతికాడు. వడ్ల గరిసె వెనక వెతికాడు, బట్టల ట్రంకు కూడా తెరిపించాడు. కూలర్ దొరికి ఉంటే దుబారా ఖర్చని తిట్టి పోయేవాడేమో. దొరకలేదు గనక రెండో మాటే నిజమని తేల్చాడు. ఈ అమావాస్య లోపల తమ్ముడి నుంచి వేరే మాట రాకపోతే పుట్టింటికి పంపించేస్తానని గడపలో నిలబడి చెప్పి పోయాడు.

"ఫ్యాను బంజేసి, శెమటల తడిసి మాట్లాడిన గదనే అక్కా," అంది భూదేవి. "నా పెయ్యి మీద గాలి తాకలే."

సాబేరా లేచి స్లాబు గదిలోకి పోయింది. సలీమ్ అక్కడ కంప్యూటర్లో ఏదో ఆట ఆడుకుంటున్నాడు. కింద వైరు పట్టి ఒక్క గుంజు గుంజింది. తెర నల్లబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది సందంతా విన్నది. అది కంప్యూటర్ తప్పు కాదని, అనుమానపు మొగుడి తప్పని సలీమ్ వాదించాడు. అది నిజమే కాబట్టి సాబేరాకు ఇంకా మండింది. చెవిలో జోరీగను పెట్టిందెవరు, వాడికి ఆ అనుమానానికి దారి చూపిందెవరు అని అడిగింది. చిన్న ఫ్యాన్లు పీకేయమంది. పీకితే చిప్పు మాడిపోతుందని సలీమ్ లబలబలాడాడు.

"మాడిపోతే జిమ్మేదారెవరు భాభీ?"

"నువ్వే. టేపు అమ్ముకున్నప్పుడు నన్నడిగినవా?"

తెల్లవారి కంప్యూటర్ పెట్టెను బొంతలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కామారెడ్డి బస్సెక్కింది. లోపల ఏముందని కండక్టర్ అడిగితే మా మరిది పానం అని చెప్పింది. కామారెడ్డి స్టేషన్ దగ్గర ఆమె అన్న ముక్తార్ కూలర్లు చేసి అమ్ముతాడు. రేకు కోసి, మడిచి, జాలీలు బిగించి, ఫ్యాన్లు తగిలిస్తాడు. నోటి దురుసులో చెల్లెలికి ఏమీ తీసిపోడు. తన చేత్తో చేసిన కూలర్ ముందు సిమ్లా కూడా దిగదుడుపేనని గిరాకీలతో పందెం కాసే రకం.

పెట్టె మూత తీసి లోపలి చిన్న ఫ్యాన్లు చూసి ముక్తార్ విరగబడి నవ్వాడు. ఇంతింత రెక్కలు పెడితే అరవక ఏం చేస్తాయన్నాడు.

"చిన్న రెక్క ఉరకాలె. ఉరికినంక రొప్పుతది. పెద్ద రెక్కయితే నడిస్తే సాలు, అంతే గాలి వస్తది."

"అయితే నడిపియ్యి. ముచ్చట్లు తర్వాత చెప్పు," అంది సాబేరా.

చిన్న కూలర్‌కు పెట్టే జానెడు రెక్కల ఫ్యాను ఒకటి తీశాడు. పెట్టె పక్క రేకును గుండ్రంగా కోశాడు. ఫ్యాన్ను బోల్టులతో బిగించి, గాలి చిప్పు మీదుగా పోయి వెనక కరెంటు డబ్బాలోంచి బయటపడేలా లోపల ఒక రేకు అడ్డం పెట్టాడు. చిన్న ఫ్యాన్ల వైర్లు ఊడదీశాడు. రెగ్యులేటర్ను అన్నిటికన్నా తక్కువలో పెట్టి తిప్పాడు. పక్క దుకాణంలో వెల్డింగు, ముందు ఆటోలు, వెనక రైలు. ఆ గోలలో ఇద్దరూ చెవులు పెట్టి విన్నారు. చీమ చిటుక్కుమన్నంత కూడా లేదని ముక్తార్ మీసం దువ్వుకున్నాడు. సాబేరా నమ్మింది. ఇంటికని అన్న కొనిచ్చిన అరటిపండ్లలో రెండు తానే తిని, బస్సులో కాస్త కునుకు కూడా తీసింది.

ఇంటికొచ్చి బొంతల మధ్య మీట నొక్కితే పెట్టె మొత్తం మర్ఫా డప్పులు వాయించినట్టు దడదడలాడింది. మైకులో అయితే ఆ దడ కింద ఇంకో గుయ్యిమనే రొద. కామారెడ్డి స్టేషన్ రోడ్డు మీద ఏది పెట్టినా నిశ్శబ్దంగానే వినిపిస్తుందని అన్నాచెల్లెళ్లిద్దరికీ తట్టలేదు. ఇల్లు పీకి పందిరేశారని సలీమ్ నవ్వబోయాడు, వదిన మొహం చూసి మింగేశాడు.

దోమకొండ నుంచి ఒకతను శుక్రవారం మస్కట్ పోతున్నాడు. వాడు తప్పితే అమావాస్య లోపల ఇంకెవరూ లేరు. సాబేరా ఎస్టీడీ బూత్‌కు పోయి, లైనులో ఉన్నవాళ్లందరూ వింటుండగా ముక్తార్‌ను ఫోన్లో ఎన్ని మాటలనాలో అన్నీ అంది. నీ కూలర్ల కింద పడుకున్నవాళ్లు చెవిటివాళ్లయి ఉంటారు, అందుకే నీకు గిరాకీ ఉందని కూడా అంది.

ముక్తార్ ఎర్రబడ్డ మొహంతో మర్నాటి మొదటి బస్సుకే దిగాడు. సలాము లేదు, చాయి లేదు. గదిలో కూర్చుని తలుపు మూయించి ఫ్యాను తిప్పించి చాలాసేపు విన్నాడు. తర్వాత తప్పు తనదేనన్నట్టు కాకుండా, రేకుదన్నట్టు ఒక తిట్టు తిట్టాడు. ఫ్యాను వణుకు బోల్టుల గుండా రేకులోకి ఎక్కుతున్నది. మోటారు మరీ దగ్గరుండడం వల్ల దాని రొద మైకు వైరులోకి దూరుతున్నది. ఫ్యాన్ను పెట్టెకు అంటకుండా దూరంగా వేలాడదీయాలి, గాలి మాత్రం గొట్టంలోంచి రావాలి. దేనితో వేలాడదీయాలని ముక్తార్ తల గోక్కుంటుండగా వజీర్ వచ్చాడు. చేతిలో కోసిన సైకిల్ ట్యూబు పట్టీలు. ఎవరూ అడగలేదు. గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

"ఇంట్ల ఒక్క మనిషికి అక్కల్ ఉన్నది, ఆయన నోరు తెరవడు," అంది సాబేరా.

ముక్తార్ మూరెడు రేకు గొట్టం చేసి, పెట్టె రంధ్రానికి ఒక చివర బట్టతో చుట్టాడు. రెండో చివర చెక్క చట్రంలో ఫ్యాన్ను నాలుగు ట్యూబు పట్టీల మీద ఊయలలా వేలాడదీశాడు. మైకు వైరును ఎదుటి గోడ వైపు మళ్లించాడు. రెక్కలు కంటితో చూసి లెక్కపెట్టగలిగేంత మెల్లగా తిరిగాయి. సలీమ్ ఊపిరి బిగబట్టి చిప్పు పక్క రేకు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. పావుగంట అయింది, అరగంట అయింది. వేలు కాలలేదు. గదిలో తన గాజుల చప్పుడు తనకే వినిపించి సాబేరా చేయి కదపడం మానేసింది. చూడడానికి మాత్రం కంప్యూటర్‌కు ఏనుగు తొండం మొలిచినట్టు ఉంది. దాన్ని ఎవరికీ చూపించొద్దని సలీమ్ బతిమాలాడు.

గురువారం భూదేవి వచ్చింది. ఈ లోపల సలీమ్ ఒక ఉపాయం ఆలోచించి పెట్టాడు. ముందు చిన్న ఫ్యాన్లు వేసి కొంచెం మాట్లాడాలి, తర్వాత అవి ఆపి పెద్దది తిప్పి మాట్లాడాలి. నువ్వు విన్న కూలర్ ఇదే అని బాలయ్యకు చెవిలోనే రుజువు చూపించొచ్చు. సాబేరాకు కూడా అది బాగుందనిపించింది. భూదేవి తల ఊపింది. మాట్లాడేముందు బాలయ్య మాట ఇంకోసారి వింటానంది, ఏ మాటకు ఏ జవాబు చెప్పాలో చూసుకోవడానికి. ఒక్కదాన్ని వినలేనని, సాబేరాను లోపలే ఉండమంది.

గది తలుపు మూసి కాసెట్ పెట్టారు. అదే బొంగురు గొంతు, అవే మాటలు. నేనిక్కడ ఎండల మాడుతుంటే అన్న చోట సాబేరా చేయెత్తి ఆపమంది. వెనక్కి తిప్పింది. మళ్లీ పెట్టింది. బాలయ్య మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునే చోట, వెనకాల, ఏదో మొద్దు రొద. తెగకుండా, ఒకే శ్రుతిలో. మధ్యలో ఠక్కుమని ఆగి, కాసేపటికి మళ్లీ దడదడమని అందుకుంది. వసారాలో విన్నప్పుడు బజారు గోలలో కలిసిపోయింది గానీ, ఇప్పుడు ఈ గదిలో దాచుకోవడానికి దానికి చోటు లేదు.

సాబేరా ఆ చప్పుడు గుర్తుపట్టింది. జెద్దా నుంచి వచ్చిన వజీర్ కాసెట్లలో అదే ఉండేది. మనుషులు పడుకునే రూముల్లో కిటికీకి బిగించిన ఏసీ. అక్కడి ఉడుకుకు అది లేకపోతే బతకలేమని వజీరే చెప్పాడు. ఆమె కాదనలేదు.

"ఏంది గది?" అని భూదేవి అడిగింది.

సాబేరా చెప్పింది. భూదేవి తన సంచి దగ్గరికి లాక్కుంది. ఇంటినుంచి తెచ్చిన పాత కాసెట్ అందులోంచి తీసి పెట్టమంది. అందులోనూ అదే రొద. బాలయ్య కొడుకు చదువు అడుగుతున్నాడు, రొద. బోరు పడిందా అంటున్నాడు, రొద. ఎండ చంపుతుందంటున్నాడు, రొద. ఎనిమిదేండ్లుగా ఆమె ఆ రొద వింటూనే ఉంది. అది మస్కట్ గాలి అనుకుంది. సముద్రం అనుకుంది. ఒక్కనాడూ అడగాలని తోచలేదు.

భూదేవి కాసెట్ ఆపేసింది. పీట ముందుకు జరుపుకుంది. సలీమ్ ఉపాయం సంగతి సాబేరా గుర్తు చేస్తే చేత్తో తోసేసింది.

"నేను గాయినకు సాక్షెం చూపియ్య. నువ్వు పెద్ద ఫ్యానే తిప్పక్కా. నా మాట మొత్తం వినవడాలె."

సాబేరా మీట నొక్కి లేవబోయింది. భూదేవి ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. అలా ఆ గది కానూను మొదటిసారి తప్పింది.

"ఇగో, ఇను," అంది భూదేవి మైకుతో. గొంతు పెంచలేదు. "నీ కాసెట్ల గూడ సప్పుడున్నది. ఎన్మిదేండ్ల సంది ఉన్నది. నీ పక్కపొంటి ఎవలున్నరు, ఎవల గాలికి కూసున్నవు అని నేనెన్నడన్న అడిగిన్నా? నీ పానానికి సల్లగుండనీ అనుకునేదాన్ని, తెలిస్తే గూడ. నువ్వేమో మీ అన్నతోని నా ట్రంకు తెరిపిచ్చినవు. నా శీరెలు వాడకట్టు ముంగట పడేపిచ్చినవు. నాకు కూలర్ లేదు, నేను దేనికీ ఎవలింటికీ పోలే. గీ మాట ఒక్కపాలే చెప్తున్న. మల్ల చెప్ప. మీ అన్నకు ఫోన్ కొట్టి, గా నలుగురిని తోలుకొని నా గడపకు వచ్చి మాట ఎనుకకు తీసుకొమ్మను. తీసుకోకున్నా నేను పుట్టింటికి పోను. గోడలు నేను మెత్తిన, ఇల్లు నాది. ఎవలన్న దూరముండాలంటే నువ్వే ఉండు, రాకు."

కాసెట్ నిండడానికి ఇంకా చాలా మిగిలి ఉంది. భూదేవి మాట్లాడలేదు. లేవనూ లేదు. ఆమె ఊపిరి మైకులోకి పోతూనే ఉంది, వేడిగా, దబదబా. ఆ ఊపిరి కింద ఏమీ లేదు. సాబేరా కూడా మీట ఆపలేదు.

తర్వాత సలీమ్ ఆ ఖాళీని కోసేసి ముందు ఒక మంచి పాట తగిలిద్దామన్నాడు. దాన్ని ముట్టుకుంటే చేతులు కోస్తానని సాబేరా చెప్పి, తానే డెక్కులో నింపి, తానే దోమకొండ బస్సెక్కి, మస్కట్ పోయేవాడి చేతిలో పెట్టి వచ్చింది.

అమావాస్యకు ముందే కిష్టయ్య వచ్చాడు. ఆ నలుగురితోనే వచ్చాడు. తమ్ముడు ఫోన్లో ఏమన్నాడో గానీ, కండువా తీసి చేత్తో పట్టుకుని, గడప బయటే నిలబడి, పొరపాటయిందని గొణిగాడు. సరిగ్గా వినపడలేదని భూదేవి మూడుసార్లు చెప్పించిందట. ఆ సంగతి ఆమే వచ్చి చెప్పి సాబేరాను నవ్వించింది.

బాలయ్య కాసెట్ వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఇద్దరూ గదిలోనే పెట్టుకుని విన్నారు. ఈసారి గొంతు వెనక రొద లేదు. కాసేపు ఏమీ వినిపించలేదు, మనిషి రొప్పడం తప్ప.

"రూమోండ్లను బయటికి పంపిన," అన్నాడు బాలయ్య. "ఏసీ బంజేసి మాట్లాడుతున్న. మస్తు ఉడుకుతున్నదే, భూదేవీ. శెమట కండ్లల్లకు కారుతున్నది. తప్పయింది. ఇంకేం జెప్పాలె…"

మళ్లీ రొప్పాడు. బయట ఎవరో తలుపు కొట్టి, ఏసీ వెయ్యమని హిందీలో గోల చేస్తున్నారు. జర ఆగుండ్రి అని బాలయ్య అరిచాడు.

పాపం అనిపించి సాబేరా చేయి చాపింది, కాసెట్ ఆపి వెంటనే జవాబు నింపేద్దామా అని అడిగింది. భూదేవి ఆ చేతిని పట్టుకుని పక్కకు పెట్టింది.

"ఉడకనియ్యక్కా," అంది. "కాసెట్కు ఇంకో దిక్కు గూడ ఉన్నది గద."